శుక్రవారం రాబోయే జ్వరం

1981 అక్టోబరులో నేను ఒహాయో రాష్ట్రంలోని ఒక కౌంటీ ఆసుపత్రిలో, రెండో అంతస్తు మెడికల్ వార్డులకు నర్సింగ్ సూపర్‌వైజర్‌ని. కౌంటీ ఆసుపత్రి అంటే మన జిల్లా ప్రభుత్వాసుపత్రి లాంటిదే. ఇన్సూరెన్స్ లేనివాళ్ళు, ఇంకెవరూ చేర్చుకోనివాళ్ళు మా దగ్గరికి వచ్చేవారు. ఊరి పేరు రాయను. అప్పటివాళ్ళు కొందరు ఇంకా ఉన్నారు కాబట్టి మనుషుల పేర్లు కూడా మార్చాను.

సూపర్‌వైజర్ అంటే వినడానికి గొప్పగా ఉంటుంది. కింద ఎయిడ్లు అనే ఆయాలు, వాళ్ళపైన స్టాఫ్ నర్సులు, వార్డుకో హెడ్ నర్సు, ఆపైన మేము, మా నెత్తిన డైరెక్టర్. నిజానికి ఆ ఉద్యోగంలో సగం పని సెలవుల బాగోతమే. నా బల్ల మీద మేజా గుడ్డంత చార్టు ఉండేది. అందులో ఒక్కో నర్సుకి ఒక్కో వరస, ఒక్కో రోజుకి ఒక్కో గడి. జబ్బు సెలవైతే ఆ గడిలో ఎర్ర పెన్సిల్, సొంత పని సెలవైతే నీలం. పదేళ్ళు ఆ పెన్సిళ్ళు పట్టుకున్నాక ఇంట్లో కిరాణా చీటీ కూడా రెండు రంగుల్లో రాసేదాన్ని. మా ఆయన నవ్వేవారు.

యూనియన్‌తో కుదిరిన ఒప్పందం ప్రకారం సొంత పని సెలవు ఏడాదికి మూడు రోజులు. చీటీ మీద కారణం ఒక ముక్కలో రాయాలి. ముందు అడిగినవాళ్ళకు ముందు. మనుషులు చాలకపోతే సూపర్‌వైజర్ కాదనవచ్చు. జబ్బు సెలవు వేరు, దాన్ని కాదనే అధికారం ఎవరికీ లేదు. ఆపరేషన్ లాంటిది ముందే తెలిస్తే ముందుగానే మంజూరు చేయవచ్చు. ఏ సెలవైనా సరే, ముందుగా ఇచ్చేది వార్డుకి రోజుకి ఒక్క నర్సుకే. ఈ చివరి మాట గుర్తుంచుకోవాలి, గొడవంతా దాని మీదే నడిచింది.

నా కింది వార్డుల్లో ఒకదాంట్లో ఎస్తేరు అని మన తెలుగమ్మాయి ఉండేది. రేపల్లె దగ్గర పల్లెటూరు. వచ్చి రెండేళ్ళయింది. నాకన్నా పదిహేనేళ్ళు చిన్నదైనా ఇద్దరం చదివింది ఒకే నర్సింగ్ స్కూల్లో, కోస్తా జిల్లాలో తెల్లదొరలు కట్టించిన ఒక ప్రభుత్వాసుపత్రిలో. దొరలు పోయారు గానీ వాళ్ళ మెమోలు, రిజిస్టర్లు, లీవ్ లెటర్లు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. నేను చదివేటప్పుడు ఆంగ్లో ఇండియన్ మేట్రన్ ఒకావిడ ఉండేది. ఆవిడ ముందు నిలబడితే చేతులు వాటంతట అవే వెనక్కి వెళ్ళేవి. మొదటి ఏడాది మా అమ్మ నన్ను చూడ్డానికి వస్తోందని ఉన్నదున్నట్టు రాసి సెలవడిగాను. ఆవిడ చదివి, కాగితం నా చేతికే తిరిగిచ్చి, జ్వరమని రాసి తీసుకురమ్మంది. సెలవు ఇచ్చింది కూడా. తల్లి రావడం, తమ్ముడి పెళ్ళి, పొలం రిజిస్ట్రేషన్ ఇవన్నీ రిజిస్టర్‌కెక్కే కారణాలు కావు. జ్వరం ఎక్కుతుంది. ‘రెస్పెక్టెడ్ మేడమ్, యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్’ అని మొదలయ్యే ఆ ఉత్తరం ఎనిమిదో తరగతి నుంచి మనందరికీ కంఠతా వచ్చు. అందులో జ్వరం ఉందా లేదా అని ఎవరూ చూడరు. పెళ్ళి శుభలేఖలో ‘సకుటుంబ సపరివారంగా’ అని ఉందని ఇంటిల్లిపాదినీ లెక్కపెట్టుకుని వెళ్తామా? అదీ అంతే.

ఒక బుధవారం ఉదయం ఎస్తేరు నా ఉత్తరాల పెట్టెలో తెల్లకాగితం మడిచి పెట్టింది. చక్కటి దస్తూరి, ఎడమ పక్క మార్జిన్, అదే ఇంగ్లీషు ఉత్తరం. శుక్రవారం జ్వరంతో బాధపడుతున్నాను గనక ఒకరోజు సెలవు దయచేయించవలసిందని, ఇట్లు మీ విధేయురాలు అని. నేను చదివాను. పూర్తిగా చదివాను. మంజూరు అని సంతకం పెట్టి, చార్టులో శుక్రవారం గడికి ఎర్ర పెన్సిల్ పూశాను. శుక్రవారం రాబోయే జ్వరం బుధవారం ఎలా తెలిసిందన్న ఆలోచన నాకు రాలేదు. ఇరవై ఏళ్ళ సర్వీసు, అమెరికాలో లైసెన్సు, ఇంత చార్టు, ఏదీ అడ్డం రాలేదు.

అదే మధ్యాహ్నం డొలోరిస్ చీటీ వచ్చింది. డొలోరిస్ ఆ వార్డులో పంతొమ్మిదేళ్ళుగా స్టాఫ్ నర్సు. పెద్దగా నవ్వదు, పెద్దగా మాట్లాడదు. రోగి మంచం దుప్పటి మాత్రం ఆమె వేస్తే మడత చెదరదు. ఆమె అడిగింది కూడా శుక్రవారమే. కారణం దగ్గర, నాన్నని నర్సింగ్ హోమ్‌లో చేర్పించాలి అని రాసింది. అది ముసలివాళ్ళు చివరిదాకా ఉండిపోయే చోటు. చార్టు చూశాను. శుక్రవారం గడి అప్పటికే ఎర్రగా ఉంది. చేర్పించడం నర్సింగ్ హోమ్ వాళ్ళే చూసుకుంటారులే అనుకున్నాను. ‘సిబ్బంది చాలదు’ అని రెండు ముక్కలు రాసి ఆమె పెట్టెలో పడేశాను. వార్డు నా గదికి ఇరవై అడుగులు. లేచి వెళ్ళి చెప్పలేదు.

శుక్రవారం ఎస్తేరు ఎయిర్‌పోర్ట్‌కి వెళ్ళింది. వాళ్ళాయన రాజారత్నం వచ్చే రోజు అది. పెళ్ళయిన నాలుగో నెలలో ఆమె ఇక్కడికి వచ్చేసింది. ఆయనకి వీసా రావడానికి రెండేళ్ళు పట్టింది. ఆ రెండేళ్ళూ సొంత పని సెలవు ఒక్కరోజు వాడుకోలేదు పిచ్చిపిల్ల. ఆ ఏడాది మూడు రోజులూ అలాగే ఉన్నాయి. చీటీ మీద, నా భర్త వస్తున్నాడు అని రాస్తే డైరెక్టర్ కూడా నవ్వుతూ సంతకం పెట్టేది.

సోమవారం ఎస్తేరు వార్డుకి సున్నుండల డబ్బా తెచ్చింది. అత్తగారు చేసి పంపినవి. నర్సులు కూర్చునే బల్ల మీద పెట్టి, శుక్రవారం మా ఆయన వచ్చాడు, నేనే వెళ్ళి తెచ్చుకున్నానని పేరుపేరునా చెప్పింది. ఆ పిల్ల నోట్లో నువ్వుగింజ నానదు. డొలోరిస్ ఒక సున్నుండ తీసుకుని, శుక్రవారం నీకు ఒంట్లో బాగోలేదన్నారు కదా అని అడిగిందట. లేదు, లేదు, ఎయిర్‌పోర్ట్‌కి వెళ్ళాను అందట మనమ్మాయి. డొలోరిస్ సున్నుండ కాగితం మీద పెట్టి, చేతులు కడుక్కుని, యూనియన్ ప్రతినిధి దగ్గరికి వెళ్ళింది.

గ్రీవెన్స్ అనే ఫిర్యాదు ఎప్పుడూ తోటి ఉద్యోగి మీద వేయడానికి లేదు, యాజమాన్యం మీదే వేయాలి. కాబట్టి కాగితం మీద నిందితురాలిని నేను. సూపర్‌వైజర్ తన దేశస్థురాలికి దొంగ జబ్బు సెలవిచ్చి, సీనియర్ నర్సుకి న్యాయమైన సెలవు కాదన్నది. అదీ అభియోగం. ఆ ఫిర్యాదు వెనకాలే, ఉద్యోగుల వ్యవహారాలు చూసే పర్సనెల్ శాఖ ఎస్తేరు ఉత్తరం బయటికి లాగింది. ఆలస్యాలకు, మొండితనాలకు అక్కడ శిక్షలో మెట్లుండేవి. మొదట నోటిమాట, తర్వాత రాతపూర్వక హెచ్చరిక, తర్వాత సస్పెన్షన్. రికార్డులో తప్పుడు రాతకి మెట్లు లేవు, నేరుగా ఉద్యోగం పోతుంది. ఎస్తేరు వీసా ఆ ఉద్యోగాన్ని పట్టుకుని వేలాడుతోంది. రాజారత్నం వీసా ఎస్తేరు వీసాని పట్టుకుని వేలాడుతోంది. అతను వచ్చి నాలుగు రోజులు. పెట్టెలు కూడా పూర్తిగా విప్పి ఉండడు.

ఎస్తేరుని గదికి పిలిచి తలుపు వేశాను. నాకు ఒళ్ళు మండిపోతోంది. ఎందుకిలా రాశావే, అబద్ధమాడితే ఇక్కడ ఊరుకోరని తెలియదా అని అరిచాను.

ఆ పిల్ల నిజంగానే ఆశ్చర్యపోయింది. “నేను అబద్ధం చెప్పలేదక్కా. లెటర్ రాశాను, అంతే.”

 ఆమె మాట నాకు పూర్తిగా అర్థమైంది. నా భయం కూడా అదే. ఆ అంతస్తులో అది అర్థమయ్యే మనిషిని నేనొక్కదాన్నే.

గురువారం డైరెక్టర్ మిసెస్ హోల్ట్ పిలిపించింది. మంచి మనిషే, నేనంటే గౌరవం ఉంది. వచ్చే వసంతంలో అసిస్టెంట్ డైరెక్టర్ పోస్టు ఖాళీ అవుతుందని, నా పేరు రాసి పెట్టుకున్నానని అంతకు ముందు నెలలోనే చెప్పింది. తలుపు దగ్గరగా వేసి మెల్లగా సలహా ఇచ్చింది. రోజుకి నలభై కాగితాల మీద సంతకాలు పెడతాం, ఇదీ చదవకుండా పెట్టానని చెప్పు, నీ మీద ఫిర్యాదు అక్కడితో తేలిపోతుంది అంది. ఎస్తేరు సంగతేమిటని అడిగాను. అది ఆమె రాసుకున్న రాత అంది. ఆలోచించుకుంటానని చెప్పి వచ్చాను. గొప్పలకు పోయి అబద్ధం రాయను, నిజంగానే ఆలోచించాను. నాకు ఆ పోస్టు కావాలి. ఎయిడ్‌గా బెడ్‌పాన్లు కడిగిన చోటే అసిస్టెంట్ డైరెక్టర్‌గా కూర్చోవాలని ఎవరికుండదు?

ఆదివారం మా ఇంట్లో తెలుగు ప్రార్థన కూటం. అప్పట్లో ఊరికి పది కుటుంబాలు, సొంత చర్చి ఎక్కడిది? వంతులవారీగా ఇళ్ళలో కూడేవాళ్ళం. ఎస్తేరు రాలేదు. రాజారత్నం ఒక్కడే, దారి కనుక్కుని బస్సులో వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో పాటల పుస్తకం. కూటం అయ్యాక అందరూ భోజనాలకు లేస్తుంటే నా దగ్గరికి వచ్చాడు. “అక్కయ్యగారూ, ఆ రోజు మీరు సెలవియ్యకపోతే ఎయిర్‌పోర్ట్‌లో నేను ఎవర్ని వెతుక్కునేవాణ్ణండీ” అన్నాడు. ఎస్తేరు ఇంట్లో ఏమీ చెప్పలేదన్నమాట. నేను అన్నం వడ్డించాను.  విచారణలో ఏం చెప్పాలో ఆ పూటే తేల్చుకున్నాను.

విచారణ తర్వాతి బుధవారం. ఫిర్యాదు పద్ధతిలో ఇది మూడో మెట్టు. మొదటి మెట్టు నోటిమాటతో, రెండోది డైరెక్టర్ దగ్గర కాగితంతో. రెండూ తెగకపోతే పర్సనెల్ అధికారి ముందు కూర్చోవాలి. ఆ అధికారి పేరు క్రెయిన్. సన్నటి మనిషి, పెన్సిల్ చెక్కుకుంటూ వినేవాడు. యూనియన్ ప్రతినిధి పరిస్థితి మరీ ఇబ్బందికరం. డొలోరిస్ సభ్యురాలే, ఎస్తేరు సభ్యురాలే. ఒకరి తరఫున ఫిర్యాదు, ఇంకొకరి తరఫున సమాధానం, రెండూ తనే చెప్పాలి. బల్లకి ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు కూర్చుంటే ఆయన మధ్యలో కుర్చీ అటూ ఇటూ జరుపుకున్నాడు.

ఉత్తరం చదివారా అని క్రెయిన్ నన్ను అడిగాడు. చదివానన్నాను. మిసెస్ హోల్ట్ కళ్ళు దించుకుంది. ఒక నర్సు బుధవారం నాడు, శుక్రవారం తనకు జ్వరమని రాస్తే మీకు వింతగా అనిపించలేదా అన్నాడు. లేదన్నాను. ఆయన నమ్మలేదు. అప్పుడు ఆ ఉత్తరాన్ని బోర్లా పెట్టమని, అందులో ఏముందో చూడకుండా చెబుతానని అన్నాను. బోర్లా పెట్టాడు. రెస్పెక్టెడ్ మేడమ్ దగ్గర నుంచి విధేయురాలి దాకా అప్పజెప్పాను. ఆయన కాగితం తిప్పి చూసుకున్నాడు. ఒక్క మాట తేడా లేదు.

మీ దేశంలో పై అధికారులకు అందరూ అబద్ధాలే రాస్తారా అని అడిగాడు. ఎగతాళిగా కాదు, మామూలుగానే అడిగాడు.  మా దేశంలో పై అధికారులే అలా రాయమంటారని చెప్పాను. మోసం చేసేవాళ్ళు రెండు రోజుల ముందు సంతకం పెట్టిన కాగితం చేతికివ్వరని, తెల్లారే ఫోన్ చేసి దగ్గుతారని చెప్పాను. ఈమె రాసింది తప్పే, కానీ తప్పని చెప్పవలసిన మనిషి ఈ భవనంలో నేనొక్కదాన్నే, చెప్పకపోగా మంజూరు చేశాను, కాబట్టి శిక్ష వేసేది నాకే వేయండి అన్నాను. ఎస్తేరు ఏడుస్తోంది. ఎవరూ ఆమె వైపు చూడలేదు.

క్రెయిన్ అప్పుడు డొలోరిస్ వైపు తిరిగాడు. గ్రీవెన్స్ కాగితంలో చివర ఒక గడి ఉంటుంది, ఫిర్యాదుదారు కోరే పరిహారం ఏమిటని. ఆ గడి నింపందే ఫిర్యాదు తేల్చడానికి లేదు. డొలోరిస్ ఖాళీగా వదిలేసింది. ఇప్పుడైనా చెప్పమన్నాడు. ఈ నర్సుని ఉద్యోగంలోంచి తీసేయాలని కోరుతున్నారా అని అడిగాడు.

“నాకెందుకు?” అంది డొలోరిస్. “ఆమె వాళ్ళాయన్ని తెచ్చుకోవడానికి వెళ్ళింది. నేనైనా వెళ్తాను.” గ్రీవెన్స్ కాగితం తన ముందుకు లాక్కుంది. “శుక్రవారం మా నాన్న కోసం కౌంటీ వ్యాన్ వచ్చింది. ఆయన కోటు వేసుకుని, నేను వస్తానని వాకిట్లో కూర్చున్నాడట. డ్రైవరు ఎంతసేపని ఆగుతాడు? తీసుకెళ్ళిపోయాడు. నేను ఉన్న కారణమే రాశాను. పొద్దున్నే జ్వరమని ఫోన్ చేసి ఉంటే వెళ్ళేదాన్ని. ఆ గడిలో ఏం రాయమంటారో మీరే చెప్పండి.”

క్రెయిన్ పెన్సిల్ చెక్కడం ఆపాడు. నేను మాత్రం డొలోరిస్ చేతులకేసి చూస్తూ కూర్చున్నాను. అంతదాకా నా దృష్టంతా ఎస్తేరు మీదే. ఎస్తేరుని కాపాడుకుంటే నా వంతు అయిపోయిందనుకున్నాను. నేను నష్టపరిచిన మనిషి బల్లకి ఆ చివర కూర్చుని ఉందని, ఆమె పేరు మీదే ఆ విచారణ జరుగుతోందని, అప్పుడు గానీ నా బుర్రకెక్కలేదు. సిగ్గుపడ్డాను.

పది రోజులకు ఉత్తర్వులొచ్చాయి. ఎస్తేరు సెలవుని సొంత పని సెలవుగా మార్చారు. ఏడాదిపాటు ఫైల్లో ఉండేలా రాతపూర్వక హెచ్చరిక ఇచ్చారు. ఉద్యోగం నిలిచింది, వీసాలు నిలిచాయి. ఆమె తర్వాత ఎనిమిదేళ్ళు అక్కడే చేసింది. నాకు మూడు రోజుల సస్పెన్షన్. ఆరు నెలల పాటు సెలవుల చార్టు నా బల్ల మీంచి తీసేశారు. వసంతంలో అసిస్టెంట్ డైరెక్టర్ పోస్టు వేరే ఆవిడకి వెళ్ళింది. బాధపడ్డాను, లేదంటే ఎవరూ నమ్మరు. డొలోరిస్ ఫిర్యాదు న్యాయమైనదేనని ఒప్పుకుంటూ, ఇకముందు ఆమె విన్నపాలను తగిన శ్రద్ధతో పరిశీలిస్తామని ఒక్క వాక్యం రాశారు.

సస్పెన్షన్ ముగిసిన ఉదయం నేరుగా వార్డుకి వెళ్ళాను. డొలోరిస్ మందుల బండి సర్దుతోంది. నేను చేసింది తప్పని, ఆ చీటీ చదివిన రోజు మనిషిగా లేచి వచ్చి ఉండవలసిందని చెప్పాను. ఆమె విని, సరేనని తల ఊపి, మాత్రలు లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టింది. అంతకన్నా ఆమె నాకివ్వవలసింది ఏమీ లేదు.

చార్టు తిరిగి నా చేతికి వచ్చాక ఒక పద్ధతి పెట్టుకున్నాను. సెలవు ఇవ్వడానికి సంతకం చాలు. కాదనాలంటే మాత్రం నేనే నడిచి వెళ్ళి ఎదురుగా నిలబడి చెప్పాలి. అలా నడవడం మొదలుపెట్టాక కాదనడం సగానికి సగం తగ్గింది. సగం దారిలోనే ఏదో ఒక సర్దుబాటు తోచేది. ఎస్తేరునే కాదు, తర్వాత వచ్చిన మన నర్సులందరినీ మొదటి రోజే కూర్చోబెట్టి, ఇక్కడ మొగుడు వస్తున్నాడని రాయవచ్చమ్మా, రాయండి అని చెప్పేదాన్ని. వాళ్ళు సిగ్గుపడి నవ్వేవారు. క్రమంగా రాయడం అలవాటు చేసుకున్నారు.

డొలోరిస్ నా కింద ఇంకో ఆరేళ్ళు పనిచేసింది. ఆ ఆరేళ్ళలో సొంత పని సెలవు చీటీ ఒక్కటి కూడా రాయలేదు. మూడు నాలుగు నెలలకోసారి తెల్లవారుజామున డ్యూటీకి గంటన్నర ముందు ఫోన్ వచ్చేది. జ్వరంగా ఉంది, రాలేను అనేది. మొదటిసారి ఫోన్ చేసిన రోజు వాళ్ళ నాన్న పుట్టినరోజని వార్డులో అందరికీ తెలుసు. నాకూ తెలుసు. జాగ్రత్తగా ఉండమని చెప్పి ఎర్ర పెన్సిల్ తీసుకున్నాను.

ఈ ఉదంతం నాకు నేర్పింది ఇంతే. సెలవిచ్చేవాళ్ళు నిజాన్ని తూకం వేసి, జబ్బుని తూకం వేయకుండా వదిలేస్తే, కింద పనిచేసేవాళ్ళు జబ్బే రాస్తారు. దానికి దేశంతో పని లేదు. పంతొమ్మిదేళ్ళు నిజమే రాసిన మనిషికి జ్వరమని చెప్పడం నేర్పింది ఎస్తేరు కాదు, నేను.